సీమోను బిడ్డ దొరసాని

కోటగిరి అవతల, నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే ఒక చిన్న ఊళ్లో, చెరుకు కొట్టే సీమోనుకు ఆడపిల్ల పుట్టింది. బాప్తిస్మం నాడు పాస్టరయ్యగారు పిల్లను చేతుల్లోకి తీసుకుని "పేరేం పెడదాం?" అని అడిగితే, సీమోను తల పైకెత్తి "దొరసాని" అన్నాడు.

చాపల మీద కూర్చున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్ల తల్లి జ్ఞానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు గొంతు తగ్గించి, "సీమోనూ, బైబిల్ల మంచి పేర్లున్నయి. మార్త అను, రూతు అను. పెద్ద పేరే కావాల్నంటె ఎస్తర్ అను, ఆమె రాణి గదా" అన్నారు.

"రాణి వద్దయ్యగారు. రాణిని మేమెన్నడు సూడలే. దొరసానిని రోజు సూస్తున్నం" అన్నాడు సీమోను.

అప్పటికింకా ఆ ఊళ్లో దొర మాట చెల్లుతున్న కాలం. గడి అనే దొర బంగళాలో ఉండే ఇల్లాలిని చిన్నా పెద్దా అంతా దొరసాని అనేవాళ్లే తప్ప, ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంటుందన్న ఊహ కూడా ఎవరికీ రాదు. కూలోళ్ల సంగతి అందుకు పూర్తిగా తలకిందులు. వాళ్ల పేర్లు గడి ముందుకు రాగానే సగానికి తెగిపోతాయి. సీమోను అక్కడ సీమిగాడు. జ్ఞానమ్మ అక్కడ గ్యాని. మన పేరు వాళ్ల నోట్లో ఎట్లాగూ సగమవుతుంది, బిడ్డ పేరు సగం చేసినా దొర అన్న మాటే మిగలాలని సీమోను చాలా దూరం ఆలోచించాడు. పేరులో రెండో సగం కూడా ఉంటుందన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

దొరసానికి ఏడేళ్లున్నప్పుడు అది తెలిసొచ్చింది. తండ్రికి సద్ది తీసుకుని చెరుకు తోటకు వెళ్లిందా పిల్ల. దొర పొలాల మీద పెత్తనం చేసే లింబయ్య గట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. పిల్లను చూసి, "ఏ సానీ, గా నీళ్ల బిందె ఇటు పట్కరా" అన్నాడు.

చెరుకు కొట్టేవాళ్లలో కొందరు నవ్వారు. కొందరు తలలు వంచుకున్నారు. ఆ మాటలో ఏముందో దొరసానికి తెలియలేదు. కానీ తండ్రి చేతిలోని కత్తి ఆగిపోవడం ఆమె చూసింది. సీమోను చెరుకుల్లోంచి బయటికొచ్చి కత్తిని నేల మీద పెట్టాడు.

"లింబన్నా, నా బిడ్డ పేరు నాలుగక్షరాలు. నాలుగూ పలుకు."

"దొరసాని అనాల్నా? గీ పొల్లనా? నా నాలుక పడిపోదారా?"

"పడిపోతె పడిపోని. పేరైతె గదే."

ఆ పూటతో సీమోనుకు ఆ పొలంలో పని పోయింది. పక్క పొలాలవాళ్లు కూడా దొరకు జడిసి పిలవడం మానేశారు. వారం తిరగకముందే సీమోను సామాను మూటగట్టి, పెండ్లాన్నీ బిడ్డనూ వెంటబెట్టుకుని బోధన్ వెళ్లిపోయాడు. అక్కడ ఫ్యాక్టరీ యార్డులో చెరుకు బండ్లు దించే పనికి కుదిరాడు. వీపు మీద చర్మం లేచిపోయే పని. అయినా బోధన్‌లో ఆ దొర ఎవరికీ తెలియడు కాబట్టి పిల్ల పేరు విని ఎవరూ ఉలిక్కిపడలేదు. అంగట్లో ఉల్లిగడ్డలమ్మే మరాఠీ ముసలమ్మ "దొరసానీబాయీ" అని పిలిచి కొసరు వేసేది. సాయంత్రం సీమోను పని నుంచి వస్తూ వస్తూ వీధి మొదట్లోనే నిలబడి, నాలుగక్షరాలూ విడివిడిగా వినిపించేట్టు బిడ్డను కేకేసేవాడు. వాడవాళ్లు నవ్వేవాళ్లు. ఆ పిల్ల మాత్రం ఏ పనిలో ఉన్నా వదిలేసి ఉరికేది.

ఆమెకు పెండ్లి చేసింది చెరుకు ట్రాక్టరు నడిపే డేనియల్‌తో. నెమ్మదస్తుడు. సీమోను పోయిన కొన్నేళ్లకు ఫ్యాక్టరీ మూతబడింది, చుట్టుపక్కల చెరుకు వేసేవాళ్లు తగ్గిపోయారు, ట్రాక్టర్లకు కిరాయిలు లేకుండాపోయాయి. డేనియల్, దొరసాని, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ షారోన్ నిజామాబాద్ చేరారు. ఒక బస్తీలో రెండు గదుల ఇల్లు దొరికింది. డేనియల్ ట్రాలీ ఆటో పట్టాడు. షారోన్‌ను ల్యాబు టెక్నీషియన్ కోర్సులో చేర్చారు. ఇల్లు గడవాలి, బిడ్డ చదువు సాగాలి అని దొరసాని అపార్ట్‌మెంట్లలో పనికి బయల్దేరింది.

మొదట కుదిరిన ఇల్లు శృతిది. శృతి బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె అత్త అనసూయమ్మ ఇంటిపట్టునే ఉంటుంది. పని మాట్లాడుకోవడానికి వెళ్లిన రోజు పేరు అడిగారు. దొరసాని చెప్పింది. శృతి పరాచికమనుకుని నవ్వింది. అనసూయమ్మ నవ్వలేదు.

"మా ఊళ్లె మా అత్తగారిని దొరసాని అంటుండె. ఆమె ముందట చెప్పులేసుకుని నడిచినోళ్లు లేరు. ఇప్పుడు పొద్దున లేవంగనే పనామెను గా పేరుతోని పిలువాల్నా? నా నోరు తిరగదు. రాణి అంటం. ఏమంటవు?"

షారోన్ పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గరపడుతోంది. దొరసాని తల ఊపింది. ఆనాటి నుంచి ఆ ఫ్లాట్‌లో ఆమె రాణి. గడప దాటి లోపలికి వెళ్తే రాణి, మెట్లు దిగి రోడ్డు మీదికొస్తే దొరసాని. ఎవరైనా "రాణీ" అని పిలిచినప్పుడు పలకడానికి ఆమెకు ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యమయ్యేది. చెవులు సరిగా వినపడవేమో అని శృతి ఒకసారి అడిగింది కూడా.

శృతికి పెళ్లయిన చాలా ఏళ్లకు ఆడపిల్ల పుట్టింది. పేరు కోసం ఎంత హడావుడి జరిగిందో దొరసాని కళ్లారా చూసింది. చుట్టాలు ఫోన్లలో పేర్లు పంపేవాళ్లు. శృతి వాటిని ఒక్కొక్కటీ చదివి, "ఇది మా ఆఫీసులో ఒకామె బిడ్డకుంది", "ఇది పక్క బ్లాకులో ఉంది" అని కొట్టిపారేసేది. ఎవ్వరికీ ఉండని పేరు కావాలి. చివరికి హైదరాబాద్‌లో న్యూమరాలజీ చూసే ఆయన దగ్గరికి వెళ్లి వచ్చి 'జియాన్వి' అని తేల్చారు. ఇంగ్లీషులో రాస్తే రెండు 'ఎ'లు ఎక్కువ పడతాయట, అవి పిల్లకు కలిసొస్తాయట. అర్థమేమిటని పేరు పెట్టే వేడుకలో ఎవరో అడిగితే "జీవితానికి వెలుగు" అంది శృతి. పక్కనే ఉన్న పంతులుగారు ఔననలేదు, కాదనలేదు, అక్షింతలు వేశారు.

పేరు పెట్టింది వాళ్లే అయినా ఆ పేరు ఎక్కువగా పలికింది దొరసాని. శృతి బ్యాంకుకు వెళ్లిపోతుంది, అనసూయమ్మకు మోకాళ్ల నొప్పులు. పిల్లకు నూనె పట్టించడం, కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం, బువ్వ తినిపించడం అంతా ఆమే. "జియాన్వీ, మా బంగారు జియాన్వీ" అని రాగం తీస్తుంటే పిల్ల కిలకిలా నవ్వేది. ఇంటికి వచ్చాక కూడా అవే ముచ్చట్లు. ఇయ్యాల జియాన్వి గిట్ల చేసింది, జియాన్వి గట్ల అన్నది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లకు కూడా ఆ ముచ్చట్లు అలవాటైపోయాయి.

ఇంతలో షారోన్ చదువు ముగించి, ఒక ఆస్పత్రి ల్యాబులో చేరి, శాంతి కుమార్ అనే కుర్రాణ్ని చేసుకుంది. ఆమెకూ ఆడపిల్లే పుట్టింది. పురుడు లేచిన రోజుల్లో తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"అమ్మా, పాపకు జియాన్వి అని పెడ్తం."

దొరసాని తల అడ్డంగా ఊపింది. "గది ఆళ్ల పేరు, బిడ్డా."

"ఆళ్లదెట్లయితది? దుకాణంల కొనుక్కొచ్చిండ్రా? నాకు ఎన్నేండ్ల సంది చెవుల్ల మోగుతున్న పేరది. మనకైతె బైబిల్ల సీయోను కొండ ఉన్నది. ఇంగ్లీషుల జియోనే గదా. జియోన్, జియాన్వి. మా అత్త రిబ్కా అని పెట్టుమన్నది. ఈయనకు, నాకు మాత్రం ఇదే ఇష్టం."

మర్నాడు పొద్దున దొరసాని బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టి, బిడ్డ దగ్గరికొచ్చింది.

"పెట్టు. కని ఒక్క మాట. పెట్టినంక ఎవ్వరేమన్నా మార్చేది లేదు. ఎవ్వరేమన్నా అంటె ఎవ్వరేమన్నా అనే. నీకు గంత గట్టిగుంటెనే పెట్టు."

"గట్టిగనే ఉన్న" అంది షారోన్.

ఈ సంగతి శృతికి ఎవరో చెప్పి తెలియడం దొరసానికి ఇష్టం లేదు. లడ్డూలు తీసుకుని తనే వెళ్లింది. శృతి సంతోషంగా లడ్డూ నోట్లో వేసుకుని, "పేరేం పెట్టారు?" అంది.

"జియాన్వి, మేడమ్."

సోఫా మీద ఆడుకుంటున్న పిల్ల ఎగిరి గంతేసింది. "నా పేరే! నానమ్మా, బుజ్జి పాపది కూడా నా పేరే!" అని గదులన్నీ తిరిగింది. దానికి అయిదో ఏడు నడుస్తోంది. శృతి నవ్వబోయి ఆగిపోయింది. మిగిలిన లడ్డూ ప్లేటులో పెట్టేసి ఫోను చూసుకోసాగింది.

మూడోనాడు దొరసాని గిన్నెలు తోముతుంటే శృతి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే అనసూయమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాణీ, తప్పుగా అనుకోకు. ఆ పేరు కోసం మేమెంత తిరిగామో నీకు తెలుసు కదా. బైబిల్లో మీకు ఎన్ని మంచి పేర్లు లేవు? ఇంకా బర్త్ సర్టిఫికెట్ తీసుకోలేదంటున్నావు. ఇప్పుడైతే మార్చుకోవడం తేలిక."

"మా బిడ్డ, అల్లుడు ఇష్టపడి పెట్టుకున్నరు, మేడమ్."

శృతి అత్త వైపు చూసింది. అనసూయమ్మే అందుకుంది. "ఆమె మొహమాటపడుతున్నది, నేను చెప్త సూడు. ఎవ్వరికి ఉండొద్దనే గా పేరు పెట్టుకున్నం. రేపు మీ బస్తీల నల్లకాడ నిలబడి 'ఓ జియాన్వీ' అని మీరు కేకలేస్తె, మా పిల్ల పేరుకు ఇగ ఏం మిగులుతది?"

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని దొరసాని ఆమె వైపు తిరిగింది. ఆశ్చర్యంగా ఆమెకు కోపం రాలేదు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒకరు ఉన్నమాట ఉన్నట్టు చెప్పడం అదే మొదటిసారి అనిపించింది.

"పేరు మిగులుతది గదమ్మా. మీ పిల్లది మీ పిల్లకుంటది, మా పిల్లది మా పిల్లకుంటది."

శృతి మధ్యలోకొచ్చింది. "సరే, పెట్టుకోండి. పెట్టుకోవద్దనడానికి మేమెవరం? కానీ పాపను ఇక్కడికి తెచ్చినప్పుడు మాత్రం చిన్ని అని పిలువు. మా దానికి తికమక కాకుండా ఉంటుంది. సరేనా, రాణీ?"

అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న దొరసానికి ఆ 'చిన్ని' అన్న మాట మాత్రం మింగుడుపడలేదు. పుట్టి నెల తిరగని పిల్లకు ఈ గడప లోపల వేరే పేరు సిద్ధమైపోయింది. రేపు ఆ పిల్ల కూడా రెండు పేర్ల మధ్య ఒక్క క్షణం ఆగి పలుకుతుంది. గిన్నె కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"మేడమ్, నా పేరు రాణి కాదు. దొరసాని. మా బాపు పెట్టిండు. గా పేరు సగం పలికిండ్రని చేసే పని ఇడిసిపెట్టి ఊరే దాటిండు. నేనైతె అవసరముండె, ఊకున్న. రాణీ అంటె పలికిన. నాకు జరిగిందేదో జరిగింది, నా మనుమరాలికైతె జరగనియ్య. నన్ను దొరసాని అనుండ్రి, పిల్లను జియాన్వి అనుండ్రి. రేపు ఎప్పటి లెక్కనే వచ్చి పనిజేస్త. మీకు వశపడదంటె ఇప్పుడే చెప్పుండ్రి."

శృతి నేల చూపులు చూసింది. కుర్చీలోంచి అనసూయమ్మ, "వద్దులే. రాకు" అంది.

దొరసాని మిగిలిన గిన్నెలన్నీ తోమింది. గట్టు తుడిచింది. పిల్ల పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకుంటే బుగ్గలు నిమిరి, "మంచిగ సదువుకో, జియాన్వీ" అని చెప్పి మెట్లు దిగింది. కింది అంతస్తు దాకా గట్టిగానే నడిచింది. గేటు దాటాక అరుగు మీద కాసేపు కూర్చుంది. ఆ పిల్లకు నీళ్లు పోసి పెంచిన చేతులవి. ఏడుపు వచ్చింది. ఏడ్చింది. తర్వాత లేచి ఇంటికి నడిచింది.

అపార్ట్‌మెంట్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏం తిరిగిందో కానీ, ఆమె పనిచేసే కింది ఫ్లాట్ వాళ్లు కూడా ఇక రావద్దన్నారు. పనామెకు పొగరెక్కిందని వాచ్‌మన్ నోట విన్నది. డేనియల్‌కు ఆ సాయంత్రం సంగతంతా చెప్పింది. "పేరు కోసం రెండిండ్లు పోగొట్టుకుంటివి" అన్నాడు. మళ్లీ తనే, "మీ బాపు పోలిక యాడికి పోతది" అని ఆటో తుడవడానికి లేచాడు.

షారోన్ అయితే కళ్లనీళ్లు పెట్టుకుంది. "వద్దమ్మా, రిబ్కా అనే పెడ్తం. నా మూలంగ నీ పని పోవుడేంది?"

"ఇప్పుడు మార్చినవనుకో, ఆళ్లు నన్ను మళ్ల పిలుస్తరు. నేను మళ్ల రాణినయిత. గందుకేనా ఇంత జేసింది? నువ్వు నోర్మూసుకుని పాపకు పాలియ్యి" అని కసిరింది దొరసాని.

తెల్లారి నుంచి పని వెతుకుతూ తిరిగింది. ఒక ఫంక్షన్ హాల్లో కూరగాయలు కోసింది. ఒక టిఫిన్ సెంటర్‌లో పిండి రుబ్బింది. ఎక్కడ పేరు అడిగినా నాలుగక్షరాలూ చెప్పింది. ఒకచోట నవ్వి, "మాకు దొరసాని వద్దు, పనామె కావాలె" అన్నారు. అక్కణ్నుంచి మారు మాట్లాడకుండా వచ్చేసింది. ఆ వానాకాలం ఇంట్లో పొయ్యి వెలగడం కష్టంగానే ఉంది. బాప్తిస్మం మాత్రం ఆపలేదు. చర్చిలో అయ్యగారు 'జియాన్వి' అని పలికినప్పుడు ఏ చాప మీదా గుసగుసలు లేవు, రిబ్కా కావాలన్న వియ్యపురాలు కూడా అందరితో కలిసి ఆమెన్ అంది.

షారోన్‌తో ల్యాబులో పనిచేసే సింధూజ ఒకరోజు మంచి కబురు తెచ్చింది. నర్సింగ్ చదివే అమ్మాయిల హాస్టల్లో వంటకు మనిషి కావాలట. దొరసాని వెళ్లింది. వార్డెన్ అఖిల అన్నీ అడిగి చివర్లో పేరు అడిగింది.

"దొరసాని" అని చెప్పి, ఇప్పుడేం పేరు అంటగడుతుందో అని నిలబడింది.

అఖిల ఒకసారి తలెత్తి చూసింది. "గట్టి పేరే పెట్టిండ్రు మీ వాళ్లు" అని లోపలికి కేకేసింది. "అమ్మాయిలూ, దొరసానక్క వచ్చింది. వంటిల్లు చూపించుండ్రి."

భీమ్‌గల్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చిన పిల్లలు. మొదట్లో రెండ్రోజులు "దొరసాని గారూ, చారు పొయ్యండి" అని ఆటపట్టించారు. ఆమె కూడా నవ్వి పోసింది. ఆ తర్వాత వాళ్లకు ఆమె దొరసానక్క అయిపోయింది. కొన్నాళ్లకే వంటింటి పెత్తనమంతా ఆమె చేతికొచ్చింది. తన కింద ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుంది, వాళ్లను పూర్తి పేర్లతోనే పిలిచేది.

మనుమరాలు అంగన్‌వాడీకి వెళ్లే వయసుకు వచ్చేసరికి బస్తీలో ఇంకో ఇద్దరు జియాన్వీలు తయారయ్యారు. ఒకతె ఆటో డ్రైవరు కూతురు, ఇంకొకతె ఇస్త్రీ బండి వాళ్ల పిల్ల. నల్లా దగ్గర విని వాళ్ల అమ్మలు మనసుపడ్డారు. టీచరు "జియాన్వీ" అంటే మూడు చేతులు లేస్తున్నాయని షారోన్ చెబితే దొరసాని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం కూరగాయల మార్కెట్‌లో శృతి కనిపించింది. పక్కన పిల్ల, బాగా పొడుగైంది. దొరసానికి ప్రాణం లేచివచ్చినట్టయింది. "జియాన్వీ!" అని పిలిచింది. పిల్ల గిరుక్కున తిరిగి ఉరికొచ్చింది.

శృతి దగ్గరికొచ్చి ఇబ్బందిగా నిలబడింది. "ఇప్పుడు దాని పేరు కైరవి. కొత్త స్కూల్లో చేర్చేటప్పుడు మార్చాం. ఆ పేరు... అందరూ పెట్టేసుకుంటున్నారు."

తను గెలిచానని దొరసానికి అనిపించలేదు. ఇన్నేళ్లు పిలిపించుకున్న పేరును పిల్ల ఒంటి మీంచి చొక్కా విప్పినట్టు విప్పేశారే అని బాధ కలిగింది. ఆ పిల్ల చేసిన తప్పేముంది? ఆమె వంగి పిల్ల కళ్లలోకి చూసింది.

"బిడ్డా, నిన్ను నేనేమని పిలువాలె?"

పిల్ల తల్లిని చూసింది, దొరసానిని చూసింది, కాస్త ఆలోచించింది. "స్కూల్లో కైరవి. నువ్వైతే జియాన్వి అను" అంది.

"మేడమ్, పిల్ల చెప్పినట్టే పిలుస్త" అంది దొరసాని.

శృతి "రా—" అని మొదలుపెట్టి ఆగిపోయింది. వేరే పేరు నోటికి రాలేదు. కొంతసేపు టమాటాల వైపు చూసి, "సరే, అట్లాగే పిలువు" అని పిల్ల చేయి పట్టుకుంది.

హాస్టల్‌కు కొన్న కూరగాయల సంచులు కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఆదివారం పిల్లలకు మధ్యాహ్నం బగారా అన్నం పెడతానని మాట ఇచ్చింది, అప్పటికే ఎండ నడినెత్తికి వస్తోంది. దొరసాని రెండు సంచులూ రెండు చేతులా ఎత్తి, జనంలోంచి దారి చేసుకుంటూ ఆటోల వైపు నడిచింది.